ఒంటిమిట్ట బాటలో గంజికుండ

"ఓహోం... ఓహోం..."

బోయీల పాట దూరం నుంచే వినబడింది. చింతచెట్టు కింద కూర్చున్న ఆమె పొయ్యిలో నివురు పక్కకు తోసి, నిప్పు కణికలు పైకి తీసింది. మూడు రాళ్ల పొయ్యి. దాని మీద ఒక కుండ, పక్కన మూత పెట్టిన ఇంకో కుండ. చెట్టుకు ఆనించిన కట్టెల మోపు. ఆమె ఇల్లూ వాకిలీ అంతకంటే ఏమీ లేనట్టే ఉంది.

పల్లకీ దిగింది. లోపలినుంచి ఒక తెల్లదొర బయటికొచ్చి ఒళ్లు విరుచుకున్నాడు. వెనక ఇంకో పల్లకీ, సామాను మోసే పశువులు, తుపాకులూ విల్లమ్ములూ పట్టుకున్న జీతగాళ్లు. ముందు పల్లకీ మోసిన బోయీ చెట్టు కిందికి వచ్చి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అమ్మా, చుట్టకు కాస్త నిప్పిస్తావా?"

"నిప్పుకేం కొదవ నాయనా. ముందు కూచ్చో. ఎండన పడి వచ్చినావు, ఒట్టి నీళ్లు తాగొద్దు. ఈ కట్టు తాగు."

దోసిలి పట్టాడు. పై నుంచి ఆమె ఉలవకట్టు పోసింది. తాగాడు. మళ్లీ పట్టాడు. ఆకులో రెండు పిడికిళ్ల అన్నం పెట్టింది.

"డబ్బులేమన్నా..."

"మొక్కు నాయనా. ఏడేండ్లది. మూడేండ్లు గడిచిపాయ."

"ఎవరి కోసం మొక్కుకున్నావమ్మా?"

ఆమె జవాబు చెప్పలేదు. "యాడికి పోతాండారు?" అనడిగింది.

"గండికోటకు. మా దొరకు మీర్‌జుమ్లా నవాబుతో పని."

ఈ మాటలు నా ఊహ. చింతచెట్టూ నా ఊహే. ఆమె మాత్రం నిజంగా ఉంది. ఆ పల్లకీ దిగిన దొర జా బాప్తీస్త్ టావెర్నియర్. పారిస్‌లో పుట్టిన వజ్రాల వర్తకుడు. అది 1652. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు. మచిలీపట్నం నుంచి సముద్రం పక్కగా మద్రాసు దాకా పోయి, అక్కణ్నుంచి పడమరకు తిరిగి ఒంటిమిట్ట మీదుగా గండికోటకు వెళ్తున్నాడు. 1676లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో ఈ దారి మీద తాను చూసిన ఆడవాళ్ల గురించి రాశాడు. వాళ్లు బాటసారుల చుట్టలకు నిప్పు సిద్ధంగా ఉంచేవాళ్లు. పొగాకు లేనివాడికి పొగగొట్టం కూడా ఇచ్చేవాళ్లు. ఇంకొందరు బియ్యం తెచ్చి వండేవాళ్లు, గింజలు ఉడికించి ఆ నీళ్లు తాగించేవాళ్లు. ఎండన పడి వచ్చినవాడు ఆ కట్టు తాగితే రొమ్ము పట్టేయదని నమ్మకం. కొందరిది ఏడేళ్ల మొక్కు, కొందరిది ఎనిమిదేళ్లు. మనిషికి రెండు మూడు పిడికిళ్ల అన్నం. 

ఏ గింజలో ఆయన విడమరిచి చెప్పలేదు. కడప సీమలో ఉడికించి కట్టు తాగించారంటే ఉలవలే అయి ఉండాలని నా నమ్మకం. మన దగ్గర ఎండకూ ఎద్దుకూ మనిషికీ ఒకటే మందు.

ఆ పుస్తకంలో నవాబుల పేర్లున్నాయి. వజ్రాల బరువులు, ముత్యాల ధరలు, పల్లకీ బోయీకి నెలకు నాలుగు రూపాయలకు మించని జీతం కూడా ఉంది. ఆ ఆడవాళ్ల పేర్లు లేవు.

టావెర్నియర్ సత్రాలు ఎరగని మనిషి కాడు. ఎన్నోసార్లు పర్షియా మీదుగా నడిచినవాడు. అక్కడి సరాయి ఒక చిన్న కోట. చుట్టూ ఎత్తైన గోడ, ఒకే ఒక పెద్ద గుమ్మం, లోపల చదరంగా వాకిలి, వాకిలి చుట్టూ అరుగు మీద కమాను గదులు, వాటి వెనక ఒంటెలకూ గుర్రాలకూ సాలలు, నీళ్లకు తొట్టి. ఎడారిలో పగలంతా నడిచిన బిడారు చీకటి పడేసరికి ఆ గుమ్మం దాటిందంటే బతికినట్టే. 2023లో యునెస్కో అలాంటివి 54 సరాయిలను ఎంచి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొగలాయీల సరాయిలూ అదే పోలిక. అక్కడ పొద్దున్నే తలుపు తీసేముందు కాపలావాడు ఎవరి సొత్తు వాళ్లు చూసుకోండని మూడుసార్లు కేకవేసేవాడనీ, ఏదైనా పోయిందంటే అది దొరికేదాకా తలుపు తీసేవాడు కాదనీ ఇటలీ యాత్రికుడు మనూచీ రాశాడు. మన దగ్గర కుతుబ్‌షాహీలు కట్టినవి హైదరాబాదు చుట్టుపక్కల నేటికీ ఉన్నాయి. షేక్‌పేటలో రెండంతస్తుల సరాయి, హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ కమాను గదుల వరస.

కర్నూలు, కడప దారుల్లో అలాంటి కోటలాంటి సరాయి కోసం వెతికితే నిరాశే. ఇక్కడి పద్ధతి వేరు. ఇక్కడ సత్రాన్ని ఒక కట్టడంలో పెట్టలేదు, దారి పొడుగునా పరిచారు. ఒకచోట చెరువు, అరక్రోసు దూరంలో మండపం, ఆ తర్వాత చింతతోపు, ఊరి మొదట్లో దిగుడుబావి, దాని పక్కన నెత్తిమీది మోపు దించుకునే రాతి దిమ్మె. నీడ ఒకరు ఇచ్చారు, నీళ్లు ఒకరు ఇచ్చారు, గంజి ఇంకొకరు. పర్షియాలో షా అబ్బాస్ కట్టించాడని ఒక రాజు పేరు చెప్పుకుంటారు. ఇక్కడ చెప్పుకోవడానికి ఒక్క పేరు లేదు. అందుకే మన దారి సత్రాల చరిత్ర ఎవరికీ పట్టలేదు.

ఆ మండపాన్ని కాస్త నిదానంగా చూడాలి. నాలుగు కాళ్లది కావచ్చు, పదహారు కాళ్లది కావచ్చు. కింద రాతి అరుగు. నెత్తిమీద మూటతో వచ్చినవాడు ఎవరి చెయ్యీ అడక్కుండా వెనక్కి వంగి మూటను ఆనించి దించుకోవచ్చు. ఎద్దు వీపు మీది పెరికెను కూడా కింద పడేయకుండా అరుగు మీదికి జరపొచ్చు. అరుగు మీద కంబాలు, కంబాల నెత్తిన నాలుగువైపులా చేతులు చాచినట్టుండే బోదెలు, వాటి మీద దూలాలు, దూలాల మీద రాతి పలకలు. ఎక్కడా కర్ర లేదు, కాబట్టి చెద పట్టదు. రాయికీ రాయికీ మధ్య సున్నం లేకపోయినా బరువు బరువును పట్టుకుని నిలబడుతుంది. పలకల మీద మాత్రం ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి మెత్తిన పొర వేసేవాళ్లు. వాన కారదు, పగటి ఎండ లోపలికి దిగడానికి పొద్దు పడుతుంది. బండను చీల్చడానికి కొట్టిన చీలల గుంతలు కొన్ని పలకల అంచున దంతాల వరసలా ఇప్పటికీ కనిపిస్తాయి.

గోడలు లేవు. సరాయి కట్టినవాడికి దొంగ భయం, మండపం కట్టినవాడికి ఎండ భయం. గాలి ఏ పక్క నుంచి వచ్చినా ఆగకూడదు. తలుపు లేదు కాబట్టి తాళం లేదు, అద్దె లేదు, చీకటి పడ్డాక వచ్చినవాడికి మూసిన గుమ్మం లేదు.

మరి దొంగలు? కట్టడంలో లేని గోడను ఊరి కట్టుబాటులో పెట్టారు. పొలిమేరలో బాటసారి సొత్తు పోతే కావలివాళ్లు జాడ తీసి తెచ్చివ్వాలి, లేదంటే తామే నష్టం కట్టాలి. అది అన్నివేళలా జరిగిందని నేననను. దండులు నడిచిన ఏళ్లలో కావలివాడే దొంగయిన కథలూ ఉన్నాయి. ఒంటిమిట్ట పేరు వెనక జనం చెప్పుకునే కథ కూడా దారిదోపిడీదే. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మనసు మారి రాముడికి గుడి కట్టించారనీ, వాళ్ల పేర్ల మీదే ఊరు వెలిసిందనీ చెబుతారు. చరిత్రగా దానికి రుజువు అడగొద్దు. కానీ దారి కొట్టిన చేతులే దారిలో దిక్కు చూపే గోపురానికి రాళ్లెత్తాయని చెప్పుకోవాలనిపించిన జనం ఎలాంటివాళ్లో ఆ కథ చెబుతుంది.

ఆ గుడిని చూసి టావెర్నియర్ ఆగిపోయాడు. పెద్ద పెద్ద చెక్కుడు రాళ్లతో కట్టిన మూడు గోపురాల గుడి, చుట్టూ అర్చకులుండే చిన్న గదులు. యావత్ భారతదేశంలోని గొప్ప ఆలయాల్లో ఇదొకటని రాసుకున్నాడు. ముప్పై రెండు కంబాల మండపంలో ఇవాళ నిలబడి చూసినా ఆ మాట ఎక్కువనిపించదు. ఐదొందల అడుగులు వేసినంత దూరంలో పెద్ద చెరువు, దాని గట్టున ఎనిమిది పది అడుగుల చిన్న చిన్న గుళ్లు. ఆ చెరువు దగ్గరే ఆయన ఇంకో సంగతి కూడా చూశాడు. దాన్ని దాచిపెట్టి మన అతిథి మర్యాదను మాత్రమే పొగుడుకుంటే ఇది యథార్థ గాథ కాదు.

పరమతం వాణ్ని చెరువులో దిగనివ్వలేదు, నీళ్లు ముంచుకోనివ్వలేదు. దాహమని అడిగితే మట్టికుండతో తెచ్చి పోశారు. పోసేటప్పుడు వాళ్ల కుండ ఇతని పాత్రకు తగిలితే ఆ కుండను అక్కడికక్కడే పగలగొట్టారు. దేశం కాని దేశం నుంచి వచ్చినవాడికి అది వింత. ఈ నేల మీదే పుట్టి, ఊరి బయట బతికిన వాళ్లకు అది రోజువారీ బతుకు. మండపానికి గోడలు లేని మాట నిజం. అయినా ఎవరు అరుగెక్కాలి, ఎవరు కిందే నిలబడి దోసిలి పట్టాలి అన్నది కులం గీసిన గీత. చెట్టు కింది ఆ తల్లి పై నుంచి కట్టు పోసిందని మొదట్లో రాశాను. ఎంత ఎత్తు నుంచి పోసిందో, ఎవరికెంత ఎత్తు నుంచి పోసిందో నాకు ఆలోచించబుద్ధి కాలేదు. ఆలోచించాల్సిందే.

అదే ఒంటిమిట్టలో ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి పేరు మీద ఒక బావి ఉంది. నిజంగా పిలిస్తే మీ రాముడు పలుకుతాడా అని అడిగాడట. ఆయన్నే పిలవమన్నారట. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ లోపలి నుంచి 'ఓ' అని వినిపించిందట. గుడికొచ్చే జనం నీళ్లకు అల్లాడుతుంటే చూసి బావి తవ్వించాడు. పిలుపు సంగతి నమ్మినా నమ్మకపోయినా బావి ఎదురుగా ఉంది. ఒకచోట కుండ పగిలింది, దాని దగ్గర్లోనే ఒక నుయ్యి పుట్టింది. రెండూ మనవే.

ఈ దారుల మీద ఎక్కువగా నడిచింది టావెర్నియర్ లాంటి దొరలు కారు, ఎద్దులు. పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా కదిలేవని ఆయనే రాశాడు. వడ్లు మోసేవాళ్లు వేరు, గోధుమలు మోసేవాళ్లు వేరు, పప్పులవాళ్లు వేరు, ఉప్పువాళ్లు వేరు. ఒకరి సరుకు ఇంకొకరు తాకరు. పెళ్లాం బిడ్డలతో, గుడారాలతో, పుట్టినప్పటినుంచీ పోయేదాకా దారి మీదే సంసారం. మన సీమలో సుగాలీలంటాం. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే, అది దాటేదాకా రెండు మూడు రోజులు పక్కన కాచుకోవాల్సి వచ్చేదట. ఒక్కసారి లెక్క వేసుకోండి. పన్నెండు వేల ఎద్దులు పట్టే సరాయిని ఏ రాజు కట్టగలడు? వాటికి కావలసింది గది కాదు. చెరువు నీళ్లు, కోత అయిపోయిన చేను, పెరికెలు గోడలా పేర్చుకుని మధ్యలో మనుషులు పడుకునే చదునైన నేల. ఈ పొడి నేలలో తవ్విన చెరువులు పంటకే కాదు, ఈ దారికి కూడా నీళ్లు తాగించాయి.

కర్నూలు పేరు కథ కూడా ఇదే దారి కథ. తుంగభద్ర అవతల అలంపురంలో గుళ్లు కట్టే రోజుల్లో రాళ్ల బండ్లు ఇక్కడి దాకా వచ్చి ఏరు దాటేముందు ఆగేవి. బండివాళ్లు ఇరుసులకు కందెన పెట్టుకునేవాళ్లు. కందెన పెట్టే చోటు కందనవోలు అయింది, కందనవోలు కర్నూలు అయింది. రాజధాని హోదా దాకా చూసిన ఊరికి పునాది ఒక బండి మజిలీ. దక్షిణాన కడప పేరుకు కూడా జనం చెప్పే అర్థం గడప. తిరుమలకు పోయే యాత్రికుడు ముందుగా దేవుని కడపలో మొక్కి దాటాల్సిన గడప. ఒక ఊరు బండి ఆగినందుకు పుట్టింది, ఒక ఊరు మనిషి ఆగినందుకు.

సెప్టెంబరు 1న టావెర్నియర్ గండికోట చేరాడు. కొండ కొమ్మున కోట. ఎక్కే దారి ఇరవై, పాతిక అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. కుడిపక్క చూస్తే కళ్లు తిరిగే లోయ, అడుగున పెన్న. పైన చిన్న మైదానం, ఊటనీళ్లతో వరి, జొన్న చేలు. పెమ్మసాని నాయకుల చేతిలోంచి కోట కొద్దిరోజుల కిందటే గోల్కొండ సేనాని మీర్‌జుమ్లా చేతికి వచ్చింది. పర్షియాలోని అర్దిస్తాన్ నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో ఎదిగి దండు నడిపిన మనిషి ఆయన. బూర్జ్ ఊరి నుంచి వచ్చిన మెయ్ అనే ఫ్రెంచివాడు కోటలో ఆయన కోసం ఫిరంగులు పోతపోస్తున్నాడు. వాటి రాగి కోసం గుళ్లలోని విగ్రహాలు పోగుచేశారు. గుడారంలో నవాబు చెప్పుల్లేకుండా కూర్చుని, కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటి తీస్తూ జవాబులు చెప్పి రాయించడం టావెర్నియర్ కళ్లారా చూశాడు. ముత్యాలు చూపించాడు. కొన్నాళ్లుండి గోల్కొండ దారి పట్టాడు.

ఇవాళ గండికోటలో ఆ కాలపు మసీదు ముందు నిలబడితే, వాకిలి చుట్టూ వరసగా కమాను గదులు కనిపిస్తాయి. పర్షియా సరాయి పోలిక కొట్టొచ్చినట్టు ఉంటుంది. కొద్ది దూరంలో గోడల్లేని కంబాల మండపాలతో మాధవరాయ, రంగనాథ ఆలయాలు. దుర్గాలకూ దండులకూ పేరుపడ్డ ఆ కొండ మీద నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఇరుగుపొరుగే. ఆగినవాడికి నీడ ఇవ్వడానికి మనుషులు కనిపెట్టిన రెండు పద్ధతులు ఒకే ఎండలో ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి.

టావెర్నియర్ తర్వాత నూట డెబ్బై ఎనిమిదేళ్లకు ఇదే బాటన ఒక తెలుగాయన వెళ్లాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి ఒంటిమిట్ట, కడప, దువ్వూరు, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా కాశీకి పోయాడు. వెంట వందమంది దాకా పరివారం. మజిలీ మజిలీకి నీళ్లు ఎలాంటివి, దిగడానికి చోటుందా, బియ్యం పప్పు దొరుకుతాయా అని ఓపికగా రాసుకుంటూ పోయాడు. ఆయన చనిపోయిన రెండేళ్లకు 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. వజ్రాలవాడు కళ్లు విప్పి చూసి వెళ్లిపోయిన దారిని ఈయన మజిలీలతో కొలిచాడు. మన దారి సత్రాల గురించి ఒక్క పుస్తకం చదవాలంటే అదే చదవండి.

ఆ గంజికుండ కింది పొయ్యి కూడా ఆరిపోలేదు. 1866లో కరువు వచ్చి పల్లెలకు పల్లెలు ఇళ్లు వదిలి దారిన పడ్డప్పుడు, కర్నూలు సీమలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి గంజి కాయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన పాటను జనం పాడుకున్నారు. ఒంటిమిట్ట గుడి పాడుపడితే వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా అడిగి బాగు చేయించారు. ఇద్దరి పేర్లూ మిగిలాయి. నాకు సంతోషమే. కానీ రోజుకు పదిమందికి చొప్పున ఏడేళ్లు పెట్టినా పాతికవేలమంది. ఏ గాదే లేకుండా, ఒక చెట్టు కింద, ఒక కుండతో అంతమందికి పెట్టిన చేతికి పతకం సంగతి అటుంచి పేరైనా దక్కలేదు.

ఇప్పుడు కడప నుంచి ఒంటిమిట్టకు బస్సులో ముప్పావు గంట. ఆ దారిలోనే కాదు, జమ్మలమడుగు వైపు, నంద్యాల, ఆత్మకూరు వైపు కూడా రోడ్డు పక్కన ఒంటరి మండపాలు అక్కడక్కడా కనిపిస్తాయి. కొన్నింటికి పోస్టర్లు అంటించారు, కొన్నింట్లో మేకలు కట్టేస్తున్నారు. గుప్తనిధులకని కొన్నింటి అరుగులు తవ్విపోశారు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ కొన్ని రాళ్ల కుప్పలవుతున్నాయి. గుళ్లో దేవుడుంటే అడ్డం పడేవాళ్లుంటారు. మండపంలో ఉన్నది ఖాళీ నీడ. దాని తరఫున అడిగేవాళ్లు లేరు.

మీ ఊరి దారిన అలాంటిది ఉంటే ఈ వారమే వెళ్లి చూడండి. కంబాలెన్నో లెక్కపెట్టండి, రాతి మీద అక్షరాలుంటే ఫోటో తీయండి, దగ్గర్లో బావి ఉందేమో పెద్దవాళ్లను అడగండి. ఆ వివరాలు ఒక కాగితం మీద రాసి పంచాయతీలో ఒకటి, పురావస్తు శాఖకు ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి. రోడ్డు కొలిచేవాళ్లు టేపు పట్టుకుని వచ్చిన రోజు ఆ రసీదు చూపించి, ఈ రాళ్లను విప్పి పక్కన మళ్లీ నిలబెట్టమని అడగండి. సున్నం లేకుండా కట్టినవి, విప్పి కట్టడానికి వీలైనవే.